గోడలో సందు

ఆ సందు మూసెయ్యమని హెడ్లీ హార్కర్‌కి సోమవారం పొద్దున ఎనిమిదింటికి చెప్పారు. చెప్పింది ఎస్టేటు మేనేజరు పర్విస్. జీపు దిగకుండా, కిటికీ అద్దం సగం దించి చెప్పాడు.

"ఈ ఏడాది కుక్కలు పడి పదకొండు గొర్రెపిల్లలు పోయాయి, మిస్టర్ హార్కర్. మన యజమాని లాంగ్‌డన్ గారి ఓపిక అయిపోయింది. బుధవారం సాయంత్రానికి గోడ పూర్తి కావాలి. నడిచేవాళ్ళు రోడ్డు మీద నడుస్తారు."

"మఠానికెళ్ళేవాళ్ళు సార్?"

"మఠం ఎక్కడికి పోతుంది? పై కప్పు కూడా లేకుండా నాలుగొందల ఏళ్ళనుంచి అక్కడే ఉందిగా."

అద్దం పైకి లేచింది. జీపు బురదలో వెనక్కి తిరిగి, గడ్డి మీద రెండు చారలు గీసి వెళ్ళిపోయింది.

పదకొండు గొర్రెపిల్లల సంగతి అబద్ధం కాదు. వాటిలో నాలుగింటిని పాతిపెట్టింది హెడ్లీయే. ఒకదాని మెడ సగం లేదు. కుక్కల్ని తాళ్ళు విప్పి వదిలేసే జనం మీద అతనికీ కోపం ఉంది. అయినా పలుగు భుజాన వేసుకుని ఏటిగట్టు మీద నడుస్తుంటే కాళ్ళు ముందుకి సాగలేదు.

మార్‌బెక్ కోట కింద పాత వంతెన దాటితే, అక్కణ్ణించి మఠం శిథిలాల దాకా స్వేల్ నది ఒడ్డునే మైలున్నర దారి. మొత్తం దారికి అడ్డంగా వచ్చేది ఒక్కటే గోడ. ఆ గోడలో మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు, అటూ ఇటూ నిలబెట్టిన రెండు రాళ్ళు. గొర్రెకి పొట్ట అడ్డం, మనిషికి కాదు. వీపులూ నడుములూ రాసుకుని ఆ రాళ్ళు మోకాలి పైనించి భుజం దాకా నున్నగా, గుర్రపు జీనులా మెరుస్తుంటాయి.

సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ అది. అలాంటి గోడలో సందొకటే మూస్తానంటే కుదరదు. ఊరికే రాళ్ళు కుక్కితే అది పంటి సందున ఇరుక్కున్న మాంసం ముక్కే. రెండు చలికాలాలు పోతే ఊడిపోతుంది. అటు రెండు గజాలు, ఇటు రెండు గజాలు విప్పి, మళ్ళీ పునాది నుంచి ఒకే గోడగా కట్టుకురావాలి. పర్విస్‌కి ఇది తెలీదు. హెడ్లీకి మరో రకంగా కట్టడం తెలీదు.

పైన నిలువుగా పేర్చిన తలరాళ్ళు ముందు తీసి దూరంగా వరసన పెట్టాడు. పెద్దవి గోడకి దగ్గరగా, చిన్నవి వెనక, లోపల నింపే చిల్లర రాళ్ళు విడిగా ఒక కుప్ప. తొమ్మిదయ్యేసరికి సందు తలుపంత అయింది. పదింటికి బండి పట్టేంత అయింది. 

పదింబావుకి మిస్ ఆల్డర్సన్ వచ్చింది. ఆవిడకి డెబ్భై తొమ్మిది. ఊళ్ళో సగంమందికి ఎక్కాలు నేర్పింది, హెడ్లీకీ నేర్పింది. మఠం పక్కన ఇంకా పైకప్పుతో నిలబడి ఉన్న చిన్న చర్చి తాళంచెవి ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చేతిసంచిలోనే ఉంది. పొద్దున తలుపు తియ్యడానికి ఒకసారి, నాలుగింటికి వెయ్యడానికి ఒకసారి, వానైనా మంచైనా ఈ దారినే నడుస్తుంది.

విప్పిన గోడ చూసి ఆవిడ ఆగిపోయింది. మొహం విప్పారింది.

"హెడ్లీ! వెడల్పు చేస్తున్నారా? చివరికి ఎవరికో బుద్ధి పుట్టిందన్నమాట. పిల్లల బళ్ళు తోసుకొచ్చే తల్లుల్ని చూస్తే ఎంత జాలేసేదో. నా నడుం కూడా ఇక పక్కకి తిరగనంటోంది."

హెడ్లీ చేతిలో రాయి ఉంది. దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"జాగర్త మిస్, అక్కడ చిల్లర రాళ్ళున్నాయి. జారతాయి," అన్నాడు.

"లాంగ్‌డన్‌కి థాంక్స్ చెప్తూ ఉత్తరం రాస్తాను," అంటూ ఆవిడ తిన్నగా, పక్కకి తిరగకుండా, గోడ మధ్యలోంచి నడిచిపోయింది. అటువైపు వెళ్ళాక వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపింది.

ఆ రోజు ఇంకో ముప్ఫైమంది దాకా అలాగే వెళ్ళారు. ఆరుగురు థాంక్స్ చెప్పారు. ఒకావిడ చాక్లెట్ ఇచ్చింది. దాన్ని అతను తినలేకపోయాడు, కోటు జేబులో కరిగిపోయింది.

సాయంత్రం అతని భార్య మేవిస్ పళ్ళెంలో మాంసం పులుసూ బంగాళాదుంపలూ వడ్డిస్తూ, "జీపు చూశాను. ఏమంటాడు పర్విస్?" అంది.

"గోడ పని."

"ఏ గోడ?"

అతను దుంప నలుపుతూ కూచున్నాడు. మేవిస్ గరిటె కింద పెట్టింది.

"ఏటి గోడా? సందు మూసేస్తారని కసాయి కొట్లో అనుకుంటుంటే నేన్నమ్మలేదు."

"కుక్కల గొడవ."

"సరే, కుక్కల గొడవే అనుకో. చెప్పింది చెయ్యి. గోడ కట్టమన్నారు గానీ మనిషిని చంపమనలేదుగా." గరిటె మళ్ళీ తీసుకుని, "వెనకగది చెమ్మ సంగతి అడిగావా?" అంది.

"అడగలేదు."

"అడగవు. ఇరవై రెండేళ్ళయింది ఈ ఇంటికొచ్చి. ఒక్కటంటే ఒక్కటి నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు నువ్వు."

ఇల్లు ఎస్టేటుది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇల్లుంటుంది. మేవిస్ పెరట్లో రూబార్బ్ మడి వేసి, గోడకి గులాబీ తీగ పాకించి, కిటికీలకి మూడుసార్లు రంగు వేసింది గానీ, ఒక్క ఇటుక కూడా తమది కాదన్న సంగతి ఏ రోజూ మరిచిపోలేదు. మరిచిపోయేది హెడ్లీయే.

మంగళవారం పునాది రాళ్ళు పడ్డాయి. రెండు కొయ్య చట్రాలు నిలబెట్టి మధ్య దారం కట్టి, వరస మీద వరస లేపుతున్నాడు. ఒకసారి చేతిలోకి తీసుకున్న రాయిని కింద పెట్టకూడదని తండ్రి నేర్పాడు. ఎక్కడో ఒకచోట దానికి చోటుంటుంది, వెతకాలి అంతే. నున్నబడ్డ ఆ రెండు నిలువు రాళ్ళనీ ఏం చెయ్యాలో చాలాసేపు తెలియలేదు. పారెయ్యడానికి చేతులు రాలేదు. మోకాలెత్తున గోడ రెండు మొహాల్నీ కలిపి పట్టే పొడుగు రాళ్ళు కావాలి. చివరికి వాటిని అడ్డంగా పడుకోబెట్టి, పైన చిల్లర రాళ్ళు నింపేశాడు.

మధ్యాహ్నం పాత పోస్ట్‌మాన్ సిరిల్ తన టెర్రియర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. కుక్క మెడకి తాడుంది. సిరిల్ కుక్క ఎప్పుడూ తాడుతోనే ఉంటుంది. గోడ చూశాడు, దారం చూశాడు, టోపీ వెనక్కి నెట్టుకున్నాడు.

"ఏం హెడ్లీ, బెర్లిన్‌లో పడగొట్టిన రాళ్ళు నీకు చవగ్గా దొరికాయా?"

హెడ్లీ సుత్తితో రాయి అంచు కొట్టాడు.

"తుపాకీ కూడా ఇస్తారా, లేకపోతే నువ్వే తెచ్చుకోవాలా?"

"పనిలో ఉన్నాను సిరిల్."

"కనబడుతూనే ఉంది. శవపేటిక చేసేవాడు కూడా పనిలోనే ఉంటాడు." కుక్కని చంకలో ఇరికించుకుని మోకాలెత్తు గోడ దాటాడు. అటువైపు నుంచి, ఈసారి వెటకారం లేకుండా, "మీ నాన్న కట్టేవాడు కాదు," అన్నాడు.

అది నిజమో కాదో హెడ్లీకి తెలీదు. తండ్రికి కూడా ఇల్లు ఎస్టేటుదే.

పొద్దున గోడ లేవకముందే వెళ్ళి చర్చిలోనే ఉండిపోయిన మిస్ ఆల్డర్సన్, నాలుగున్నరకి తాళం వేసి తిరిగొచ్చింది. గోడ అప్పటికి నడుం కిందికొచ్చింది. ఆవిడ అటువైపు నిలబడి ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. సందు ఎక్కడా లేదు.

"మెట్లు పెడతావా?" అనడిగింది.

"లేవు మిస్."

"గేటు?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ గోడ మీంచి చెయ్యి చాపి సంచి అతనికందించింది. హెడ్లీ ఇటువైపు రెండు పెద్ద రాళ్ళు మెట్లలా వేసి, గోడ దాటి అటు వెళ్ళి, ఆవిడ చంకల కింద చేతులు పెట్టి లేవనెత్తి గోడ మీద కూచోబెట్టాడు. పిట్టంత బరువుంది. మళ్ళీ ఇటు దాటి, చెయ్యి పట్టి దింపాడు. ఆవిడ మేజోళ్ళు రాయి గీసుకుని చిరిగాయి. గౌను సర్దుకుంటూ, వంగి, దారం వెంబడి ఒక కన్ను మూసి చూసింది.

"తిన్నగా ఉంది," అంది. "నీ చేతిరాత ఏ రోజూ ఇంత తిన్నగా ఉండేది కాదు."

తిట్టినా బాగుండేదనిపించింది హెడ్లీకి.

బుధవారం పొద్దున పదింటికి ఆవిడ రాలేదు. పదిన్నరకీ రాలేదు. వచ్చిన జనం గోడ దాకా వచ్చి, అతని వీపు కేసి చూసి, ఏదో గొణిగి వెనక్కి తిరిగారు. ఒకరిద్దరు ఎక్కబోతే, "ఎక్కకండి, ఇంకా పట్టుకోలేదు," అన్నాడు. గోడ ఛాతీ దాటింది. రాళ్ళు ఆ రోజు ఎందుకో చేతికి అందినవి అందినట్టు కుదిరాయి. ఒక్కదాన్నీ రెండోసారి తిప్పే పని లేకపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఇంత మంచి గోడ కట్టలేదని అతనికి తెలుస్తూనే ఉంది. సిగ్గేసింది. అయినా చెయ్యి దానంతటదే మంచి రాయినే ఎంచుకుంటోంది.

పదకొండున్నరకి గోడ అవతల, మఠం వైపు, దగ్గు వినబడింది. చూస్తే బూడిదరంగు టోపీ ఒకటే కనిపించింది, కింద మనిషి లేనట్టు.

"రోడ్డు మీంచి వచ్చాను," అంది టోపీ. "గంటా ఇరవై నిమిషాలు పట్టింది. క్వారీ లారీవాడు ఆపి క్షమించమన్నాడు. మంచి కుర్రాడే. నన్ను తడిపాకే చూశాడట."

హెడ్లీ రాళ్ళ మీదకెక్కి తొంగి చూశాడు. నడుం దాకా బురద. చేతిసంచిని మాత్రం ఛాతీకి అదుముకుని ఉంది.

"మిస్, ఇలా రండి, దాటిస్తాను. ఇవాళ ఒక్కరోజు—"

"రేపో?"

అతను గోడ మీది చిల్లర రాయి ఒకటి లోపలికి నెట్టాడు.

"కౌంటీకి అర్జీ పెడుతున్నాం," అందావిడ. "ఇరవై ఏళ్ళపాటు ఎవరూ అడ్డుకోకుండా జనం నడిచిన దారైతే జనానిదేనట. నడిచినవాళ్ళు సంతకాలు చెయ్యాలి. ఎస్టేటు మనిషి ఎవరైనా చేస్తే గట్టి సాక్ష్యమన్నారు. నిన్నడగడానికి రాలేదు హెడ్లీ. నువ్వున్న ఇల్లెవరిదో నాకు తెలుసు. ఎవరో చెప్పగా వినేకంటే నేనే చెప్తే నయమని వచ్చానంతే."

టోపీ మెల్లగా కదిలి వెళ్ళిపోయింది. హెడ్లీ తలరాళ్ళు ఎక్కించాడు. అయిదింటికి చట్రాలు పీకేసి దారం చుట్టాడు. ఎటు చూసినా ఎక్కడ విప్పారో, ఎక్కడ కట్టారో పోల్చుకోలేనట్టుంది.

గురువారం పర్విస్ ఆఫీసుకి పిలిపించాడు. కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు. ఆ ఆఫీసులో హెడ్లీ కూచోవడం అదే మొదటిసారి. కుర్చీకి బురదంటుతుందని అంచున కూచున్నాడు.

"గోడ చూశాను. అద్భుతం. లాంగ్‌డన్ గారికి ఫోటో పంపాను," అన్నాడు పర్విస్. "మీ వెనకగది చెమ్మ గురించి మిసెస్ హార్కర్ ఒకసారి నాతో అన్నారు. వచ్చేవారం మనిషిని పంపిస్తాను."

"మంచిది సార్."

"ఇదొక చిన్న కాగితం. మన వకీలు తయారుచేశారు." టైపు చేసిన కాగితం ముందుకి జరిపి, తనే చదివాడు: "హెడ్లీ హార్కర్ అను నేను, ఎస్టేటులో ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా పనిచేయుచున్నాను. దారి సొంతదారుదేనని తెలియజేయుటకై, పాత యజమాని ఉత్తరువు ప్రకారం, ప్రతి సంవత్సరం గుడ్ ఫ్రైడే రోజున సదరు సందుకు తడిక అడ్డము పెట్టి, ఆ రోజంతా ఎవరినీ పోనీయకుండా మూసియుంచితిని."

హెడ్లీ పెన్ను పట్టుకున్నాడు. సంతకం పెట్టడానికే పట్టుకున్నాడు. తరవాత మేవిస్‌కి చెప్పినప్పుడు కూడా ఈ ముక్క దాచలేదు. కాగితం మీదకి వంగి, "గుడ్ ఫ్రైడే" అన్న చోట ఆగాడు. భుజాలు కదిలాయి. ఆపుకుందామనుకున్నాడు గానీ నవ్వు ముక్కులోంచి వచ్చేసింది.

"ఏమైంది?"

"గుడ్ ఫ్రైడే నాడా సార్?" కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు పండక్కి ఊళ్ళో ఉండరు, మీకు తెలీదు. గుడ్ ఫ్రైడే నాడు ఊరు ఊరంతా ఆ దారినే మఠానికి నడుస్తుంది. శిలువ మోసుకుంటూ. తొమ్మిదడుగుల శిలువ. తిన్నగా పట్టుకుంటే సందులో దూరదు, చేతులు తగులుతాయి. ఏటవాలుగా వంచి, కాళ్ళు ముందు పోనిచ్చి, తిప్పాలి. సందు దగ్గర శిలువ కాలు పట్టుకునేది నేనే. మొన్న కూడా నేనే పట్టుకున్నా. పాస్టరు వేలు నలిగి ఓ మాట కూడా తూలాడు."

పర్విస్ కూడా నవ్వాడు. మనస్ఫూర్తిగానే నవ్వాడు.

"మంచిపని, ముందే చెప్పారు! కొంప మునిగేది." తన పెన్ను తీసి, కాగితం మీద ఆ రెండు మాటలూ కొట్టేశాడు. "ఇంకో రోజు వేద్దాం. క్రిస్మస్ మర్నాడు? ఆ రోజు ఎవరు నడుస్తారు? ఏ రోజైతేనేం, ఏడాదికొకటి కావాలి. మళ్ళీ టైపు చేయిస్తాను. పది నిమిషాలు."

హెడ్లీ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోకుండానే గట్టిపడింది. ఆ రెండు మాటల మీద గీసిన గీత కేసి చూశాడు. గోడ కట్టమంటే కట్టాడు. రాళ్ళు అబద్ధం కాదు, చేసిన పని అందరికీ కనబడుతోంది. ఇదీ అంతే అనుకుని వచ్చాడు. కానీ ఒక రోజు తీసి ఇంకో రోజు పెట్టడం ఎంత తేలికో చూశాక, తను పనిచేసిన ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఎవరో పెన్నుతో కొట్టేసి పైన రాసుకునే చిత్తుకాగితమేననిపించింది.

పెన్ను బల్ల మీద పెట్టాడు. దొర్లిపోకుండా టీ పళ్ళెం అంచుకి ఆనించి పెట్టాడు.

"ఆ రోజూ కాదు సార్," అన్నాడు.

"ఏంటి?"

"ఏ రోజూ పెట్టలేదు తడిక."

పర్విస్ వెనక్కి వాలాడు. కోపం తెచ్చుకోలేదు. "ఇల్లు ఉద్యోగంతో పాటు వచ్చిందని మీకు గుర్తు చెయ్యక్కర్లేదనుకుంటాను. రేపు సాయంత్రం దాకా ఆలోచించుకోండి. ఇంట్లో మాట్లాడండి."

ఇంట్లో మాట్లాడలేదు. అదే తప్పు చేశాడు. ఆ సాయంత్రం మేవిస్ వెనకగదిలో చెమ్మ పట్టిన గోడ కాగితం గీకుతూ, "మనిషిని పంపిస్తానన్నాడా! చూశావా, చెప్పింది చేస్తే ఎలా ఉంటుందో," అంటుంటే, ఆవిడ గీకిన ముక్కలు ఏరి బకెట్లో వేస్తూ కూచున్నాడు.

శుక్రవారం పొద్దున పనికెళ్ళకుండా, శుభ్రమైన చొక్కా వేసుకుని ఊళ్ళోకి నడిచాడు. మిస్ ఆల్డర్సన్ వంటింటి బల్ల మీద కాగితాలున్నాయి. తన కాగితం తనే నింపాడు. ఎన్నేళ్ళు నడిచారు: యాభై ఆరు. ఎవరైనా ఎప్పుడైనా అడ్డుపెట్టారా: లేదు. ఇంకేమైనా చెప్పాలా, అన్నచోట చాలాసేపు ఆగి, "ఈ బుధవారం నేనే మూశాను" అని రాశాడు. ఆవిడ చదివింది. అక్షరదోషాలు దిద్దలేదు. అక్కణ్ణించి తిన్నగా పర్విస్ ఆఫీసుకెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, సంతకం పెట్టనని చెప్పొచ్చాడు.

అతను ఇంటికి చేరేలోపు ఉత్తరం వచ్చేసింది, జీపులో. మేవిస్ తలుపు దగ్గరే ఉంది. తెరిచిన కవరు చేతిలో ఉంది.

"మూడు నెలలు," అంది. "జూలై ఆఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇది నాకు పర్విస్ డ్రైవరిచ్చాడు. వాడికి తెలుసు, నాకు తెలీదు."

హెడ్లీ అంతా చెప్పాడు. గుడ్ ఫ్రైడే, నవ్వు, పెన్ను, అన్నీ. ఆవిడ కదలకుండా విన్నది.

"తప్పు చేశావని నేననను," అంది చివరికి. "నువ్వు అబద్ధానికి సంతకం పెట్టుంటే నీ మొహం చూసేదాన్ని కాదేమో. కానీ నన్నడిగావా? ఈ ఇంటికి తీసుకొచ్చేటప్పుడు అడగలేదు. పోగొట్టేటప్పుడూ అడగలేదు. రాత్రి ఆ గోడ గీకుతూ నేను పాటలు పాడుకుంటుంటే పక్కన కూచుని విన్నావు. ఎలా వినబుద్ధయింది హెడ్లీ?"

అతను, "భయమేసింది," అన్నాడు.

"పర్విస్‌కి భయపడలేదే!"

ఆ తరవాత రెండు రోజులూ ఆవిడ మాట్లాడలేదు. వేళకి పళ్ళెం పెట్టేది, వేళకి తీసేది.

ఆదివారం పొద్దున హెడ్లీ కోటు తొడుక్కున్నాడు. "మిస్ ఆల్డర్సన్‌ని రోడ్డు మీద తీసుకెళ్తున్నాను. పదకొండింటికి ప్రార్థన. ఆవిడ తలుపు తియ్యాలి," అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. మేవిస్ గిన్నెలు కడుగుతూనే ఉంది.

రోడ్డుకి కాలిబాట లేదు. ఒకవైపు ముళ్ళకంచె, ఒకవైపు గుంట. మిస్ ఆల్డర్సన్‌ని కంచె వైపుకి పెట్టి, తను రోడ్డు వైపున నడుస్తున్నాడు. చెయ్యి పట్టుకోమంటే మొదట వద్దంది, కొండ ఎక్కేచోట తనే పట్టుకుంది.

"ఎక్కడికి వెళ్తారు మీరిద్దరూ?"

"ఇంకా తెలీదు మిస్."

"కౌంటీవాళ్ళు తేల్చేసరికి రెండేళ్ళు పడుతుందట. అప్పటికి నేనుంటానో లేదో."

"గోడ ఉంటుంది," అన్నాడు హెడ్లీ. "బాగా కట్టాను."

ఆవిడ నవ్వింది. నవ్వుతూ ఆగి, ఆయాసపడింది. వెనక బూట్ల చప్పుడు, గబగబా. చూస్తే మేవిస్. కోటు బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని, జుట్టు రేగి, కొండ సగం పరిగెత్తుకొచ్చినట్టుంది.

హెడ్లీ ఏదో అనబోయాడు.

"నీ కోసం రాలేదు," అంది మేవిస్. "జరుగు. ఆవిడకి అటుపక్కకెళ్ళు."

"రోడ్డు వైపు నేనుంటాను మేవిస్. లారీలొస్తాయి."

"అందుకే జరగమంటున్నా. సుత్తి దెబ్బలకి ఆ చెవి పోయి పదేళ్ళయింది నీకు. వెనకనించి లారీ కాదుకదా రైలొచ్చినా వినబడదు. ముగ్గుర్నీ చంపుతావు."

అతను కంచె వైపుకి వెళ్ళి ముసలావిడ రెండో చెయ్యి పట్టుకున్నాడు. మేవిస్ రోడ్డు వైపు వచ్చి నిలబడింది. నాలుగడుగులు వేశారో లేదో, "ఆగండి," అంది. హెడ్లీకి ఏమీ వినబడలేదు. అయినా ఆగాడు. ముగ్గురూ ముళ్ళకంచెకి వీపులానించి నిలబడ్డారు. మేవిస్ చెయ్యి అడ్డంగా చాపి, ఆ ఇద్దర్నీ వెనక్కి అదిమి పట్టింది. లారీ వచ్చింది, గాలి కొట్టింది, వెళ్ళిపోయింది.

"పదండి," అంది మేవిస్.